పాత అవుట్‌బోర్డు మోటారు వేడెక్కుతుంటే ఎక్కడ వెతకాలి?

పడవ వెనక బిగించే మోటారు వేడెక్కిందంటే రేవులో మొదట వినిపించే మాట ‘ఇంపెల్లర్ పోయింది’, అంటే చల్లబరిచే నీళ్లని తోసే పంపులోని రబ్బరు రెక్కల చక్రం పాడైందని. చాలాసార్లు అది నిజమే. కానీ కొత్త ఇంపెల్లర్ వేసిన కొన్నాళ్లకే మళ్లీ అదే వేడి, అదే ఆవిరి కనిపిస్తే తప్పు ఇంపెల్లర్‌ది కాదు. గోదావరి పాయల్లో రబ్బరు రెక్కల్ని అరగదీసిన ఇసుక అక్కడితో ఆగదు. ఒండ్రుతో కలిసి పంపు దాటి పైకెళ్లి, సిలిండర్ల చుట్టూ ఉండే వాటర్ జాకెట్‌లో పేరుకుంటుంది. దాన్ని తియ్యకుండా పంపు ఒక్కటే మార్చడం వల్ల డబ్బూ పోతుంది, చివరికి పిస్టనూ పోతుంది. అందుకే నీళ్లు ఎక్కే దారి పట్టుకుని కింద నుంచి పైదాకా ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి.

ఇక్కడ చెప్పేది 8 నుంచి 40 హార్స్‌పవర్ దాకా ఉన్న పాత టూస్ట్రోక్ మోటార్ల గురించి. యమహా, సుజుకీ, జాన్సన్, ఎవిన్‌రూడ్ ఏదైనా సూత్రం ఒకటే. మోటారు అడుగున నీళ్లలో మునిగి ఉండే గేర్ కేసు పక్కనున్న జాలీ గుండా నీళ్లు లోపలికి వస్తాయి. డ్రైవ్ షాఫ్టు మీద ‘కీ’ అనే చిన్న లోహపు ముక్కతో బిగిసి ఉన్న రబ్బరు ఇంపెల్లర్ వాటిని తోస్తుంది. నిలువు గొట్టం గుండా ఎక్కి, సిలిండర్లూ, వాటి మీద మూతలా ఉండే హెడ్డూ చుట్టి, వేడిని బట్టి తెరుచుకునే కవాటం థర్మోస్టాట్ దాటి, పొగ గొట్టంలోకి దిగి నదిలో కలుస్తాయి. వెనక పక్కన సన్నగా చిమ్మే ధార ఈ దారిలోంచి తీసిన చిన్న పాయ మాత్రమే. కొన్ని మోడళ్లలో ఆ ధార హెడ్డు దాకా పోకముందే విడిపోతుంది. కాబట్టి ధార గట్టిగా వస్తున్నా హెడ్డు కాలిపోతూ ఉండొచ్చు. ధార రాకపోయినా లోపల నీళ్లు బాగానే తిరుగుతూ ఉండొచ్చు. ధార చూసి అనుమానపడండి కానీ తీర్పు చెప్పకండి.

ముందు వేడి కొలవండి

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఇప్పుడు అందుబాటు ధరల్లోనే దొరుకుతోంది. మెరిసే అల్యూమినియం మీద అది తక్కువ చూపిస్తుంది. అందుకని ప్రతి ప్లగ్గు పక్కనా హెడ్డు మీద నల్ల మార్కరుతో రూపాయి బిళ్లంత మచ్చ పెట్టి, దాని మీదకే గురిపెట్టండి. ఈ తరహా మోటార్లలో థర్మోస్టాట్ మోడల్‌ని బట్టి సుమారు 48 నుంచి 62 డిగ్రీల సెల్సియస్ మధ్య తెరుచుకోవడం మొదలెడుతుంది. వేడెక్కిన మోటారు హెడ్డు ఆ అంకె దగ్గరో, కాస్త పైనో నిలబడాలి. 85 దాటుతుంటే పని ఆపి వెతకాల్సిందే. థర్మామీటరు లేకపోతే హెడ్డు మీద ఒక నీటిచుక్క వెయ్యండి. చుయ్యిమని ఎగిరిపోతే వంద డిగ్రీలు దాటినట్టే.

పై సిలిండరుకీ కింది సిలిండరుకీ విడివిడిగా కొలవడం ముఖ్యం. రెండూ సమానంగా వేడెక్కుతుంటే నీళ్లు మొత్తంగా తక్కువ వస్తున్నాయి, అంటే జాలీ, పంపు, గొట్టం, థర్మోస్టాట్. ఒక్కటే వేడెక్కుతుంటే ఆ సిలిండరు దగ్గరే తేడా ఉంది: జాకెట్‌లో ఒండ్రు, హెడ్ గాస్కెట్ లీకు, లేదా ఆ సిలిండరు కార్బ్యురేటర్ నుంచి పెట్రోలు చాలకపోవడం. బురద కిందికే దిగుతుంది కాబట్టి వరదనీళ్లలో తిరిగిన మోటారుకి కింది సిలిండరు వేడిగా ఉంటే అనుమానం నేరుగా ఒండ్రు మీదకే పోవాలి.

ఏ వేగంలో వేడెక్కుతోందో కూడా గమనించండి. నెమ్మదిగా పోతున్నప్పుడు ఇంపెల్లర్ రెక్కలు పంపు కప్పు గోడని రాసుకుంటూ నీళ్లని తోస్తాయి. వేగం పెరిగితే రెక్కలు లోపలికి వంగి, నీళ్లని విసరడం మొదలెడతాయి. అందుకే అరిగిన, బిరుసెక్కిన ఇంపెల్లర్ లోపం ఐడ్లింగులో ముందు బయటపడుతుంది. ఐడ్లింగులో చల్లగా ఉండి ఫుల్ రేజులో వేడెక్కుతుంటే దారి ఇరుకైంది: సగం మూసుకున్న జాలీ, పూర్తిగా తెరుచుకోని థర్మోస్టాట్, సన్నబడిన జాకెట్. లేదంటే పెట్రోలు చాలడం లేదు.

పానా పట్టకముందే చూడాల్సినవి

మోటారు పైకి లేపి జాలీ చూడండి. గుర్రపుడెక్క వేళ్లు, పాలిథిన్ సంచి ముక్క, తెగిన వల నూలు, వీటితో జాలీ కొంత మూసుకున్నా ఫుల్ రేజులో వేడెక్కొచ్చు. కోరింగ మడల వైపు, నది సముద్రంలో కలిసే మొగల దగ్గర ఉప్పునీళ్లలోనే కట్టేసి ఉంచే మోటార్లకి జాలీ లోపలి వైపు గుల్లలు పడతాయి. బయటినుంచి చూస్తే కనిపించవు. టార్చి వేసి చూసి, సన్నని స్క్రూడ్రైవరుతో గీకి తియ్యాలి. జాలీ విప్పి పారేసి నడిపేవాళ్లున్నారు. చిన్న గులకరాయి ఒక్కటి లోపలికి పోతే ఇంపెల్లర్ రెక్కలు తెగుతాయి.

తర్వాత ధార వచ్చే రంధ్రం. వేట నిషేధం రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మోటారు పాకలో కట్టి ఉంచితే మట్టి గూడు కట్టే కందిరీగలు ఆ రంధ్రాన్ని ఇల్లు చేసుకుంటాయి. లావుపాటి నైలాన్ గాలపు తీగ ఒక జానెడు ముక్క లోపలికి పంపి తిప్పితే మట్టి రాలుతుంది. ఇనప తీగ పెట్టకండి. లోపల రబ్బరు గొట్టం ఉంటే దానికి చిల్లు పడుతుంది.

మూడోది మోటారు ఎత్తు. ఫ్యాన్ (ప్రొపెల్లర్) పైనుండే అడ్డరేకు పడవ అడుగుతో సమంగానో, 25 మిల్లీమీటర్ల దాకా కిందికో ఉండాలి. పొట్టి షాఫ్టు మోటారు 15 అంగుళాల వెనక చెక్కకి, పొడుగు షాఫ్టు 20 అంగుళాల చెక్కకి లెక్క. ఎత్తైన వెనక చెక్క ఉన్న పడవకి పొట్టి షాఫ్టు బిగిస్తే అలల మీద జాలీ బయటికి తేలి పంపు గాలి పీలుస్తుంది. ధార తుంపర్లుగా, దగ్గినట్టు వస్తుంటే ఇదే కారణం కావచ్చు. ఇసుక మేటలున్న చోట మోటారు సగం లేపి నడిపినా అంతే.

పంపు విప్పడం

ముందు ప్లగ్గు క్యాపులు తీసేయండి. గేర్ మార్చే కడ్డీ పైభాగంతో ఎక్కడ కలుస్తుందో మీ మోడల్‌ని బట్టి చూసుకుని ఆ కలయిక విప్పండి. ఎవిన్‌రూడ్, జాన్సన్‌లలో చాలావాటికి ఇది మోటారు కాలు (పైభాగానికీ గేర్ కేసుకీ మధ్య నిలువు భాగం) పక్కనున్న చిన్న మూత వెనక ఉంటుంది. ఏ గేర్‌లో ఉండగా విప్పారో రాసుకోండి, బిగించేటప్పుడు కూడా అదే గేర్‌లో ఉండాలి. గేర్ కేసుని పట్టి ఉంచే బోల్టులు సాధారణంగా 4 నుంచి 6. కొన్నిటికి ఒక బోల్టు ఫ్యాన్ పైన తోకలా ఉండే చిన్న రెక్క కింద దాగి ఉంటుంది. అది తియ్యకుండా గేర్ కేసు లాగితే కేసు చీలుతుంది. ఉప్పుకి పట్టేసిన బోల్టుకి తుప్పు వదిలించే ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియంని గ్యాస్ టార్చి మంటతో కాస్త వేడిచేసి, ముందు కొంచెం బిగించి, తర్వాత వదులు చెయ్యండి. ఒకేసారి బలం పెడితే తల తెగుతుంది.

పంపు కప్పు తీశాక ఇంపెల్లర్ రెక్కలు లెక్కపెట్టండి. ఒక్క ముక్క తక్కువైనా అది ఎక్కడుందో దొరికేదాకా పని ముగియనట్టే. తెగిన ముక్క నిలువు గొట్టంలోనో థర్మోస్టాట్ కిందో కూర్చుని కొత్త ఇంపెల్లర్‌ని కూడా పనికిరాకుండా చేస్తుంది. రెక్కలన్నీ ఉన్నా, వేలితో వంచి వదిలితే నిటారుగా లేవకపోతే మార్చాల్సిందే. ఏళ్ల తరబడి కొట్టులో నిలవున్న ‘కొత్త’ ఇంపెల్లర్ని కూడా ఇలాగే వంచి చూసి కొనండి. రబ్బరు వాడకపోయినా బిరుసెక్కుతుంది. కప్పు లోపల, అడుగు రేకు మీద గోరు నడపండి. గోరు తగులుకునేంత గాడి పడి ఉంటే అవి కూడా మారాలి. మన నీళ్లలో ఇంపెల్లర్ కంటే ఈ రేకే ముందు అరిగిపోవడం మామూలే. ఎన్ని ఇంపెల్లర్లు మార్చినా ఆ గాడిలోంచి నీళ్లు వెనక్కి జారుతూనే ఉంటాయి.

బిగించేటప్పుడు రెక్కలకి గిన్నెలు తోమే సబ్బునీళ్లో గ్లిజరినో రాయండి, పెట్రోలు వద్దు. కీ సరిగ్గా గాడిలో కూర్చుందో లేదో చూసి, డ్రైవ్ షాఫ్టుని పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ కప్పుని కిందికి నొక్కండి. కప్పు కింది గాస్కెట్ కొత్తది వెయ్యండి. అది లీకైతే పంపు నీళ్లకి బదులు గాలో పొగో పీలుస్తుంది.

కొత్త పంపు వేశాక కూడా వేడెక్కే మోటార్లలో తప్పు తరచుగా ఇక్కడే దొరుకుతుంది: నిలువు గొట్టం కింది చివర పంపు మీదున్న రబ్బరు బుష్‌లోకి దిగకుండా పక్కకి పోయి ఉంటుంది. గేర్ కేసు పైకి తోసేటప్పుడు ఒకరు టార్చి వేసి గొట్టం బుష్‌లోకి దిగుతోందా అని చూడాలి. బుష్ ఉబ్బి రంధ్రం సన్నబడి ఉంటే అదీ మార్చండి. డ్రైవ్ షాఫ్టు పైనుండే పళ్లకి గ్రీజు పక్కలకే రాయండి, కొన మీద పెట్టకండి. కొన మీద గ్రీజు చిక్కుకుంటే షాఫ్టు పూర్తిగా పైకి కూర్చోదు. గేర్ కేసు సగంలో ఆగితే బోల్టులతో లాగొద్దు. ఫ్లైవీల్‌ని అదే వైపు కొద్దిగా తిప్పితే పళ్లు కలుస్తాయి.

థర్మోస్టాట్ తీసేయొద్దు

ఒండ్రునీళ్లకి అడ్డమని థర్మోస్టాట్ తీసి పారేయడం మన దగ్గర అలవాటైపోయింది. వేడి సమస్య కొన్నాళ్లు దాగుతుంది, అంతే. మోటారు మరీ చల్లగా నడిస్తే పెట్రోలు సరిగా ఆవిరి కాదు, ప్లగ్గులు తడుస్తాయి, పిస్టన్ రింగుల వెనక మసి పడుతుంది. ఆ మసితో రింగులు పట్టేస్తే పోయేది ఇంజనే.

పరీక్ష తేలిక. థర్మోస్టాట్‌ని ఉప్పూ బురదా పోయేలా కడిగి, దాని కవాటం సందులో దారం ఇరికించి, గిన్నె అడుగుకి తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. థర్మామీటరు పక్కన పెట్టి నెమ్మదిగా కాచండి. కవాటం తెరుచుకోగానే దారం జారి థర్మోస్టాట్ కిందపడుతుంది. ఆ క్షణంలో అంకె చూడండి. థర్మోస్టాట్ మీద ముద్రించి ఉన్న వేడికి అది మూడు నాలుగు డిగ్రీల లోపే ఉండాలి. సగమే తెరుచుకున్నా, చల్లారాక మూసుకోకపోయినా కొత్తది కొనండి. వరదల నెలల్లో, జూలై నుంచి సెప్టెంబరు దాకా, నీళ్లు ఎర్రగా వచ్చినన్నాళ్లూ నెలకోసారి విప్పి కడగండి. ఉన్నది రెండు మూడు బోల్టులే.

జాకెట్‌లో ఒండ్రు

గేర్ కేసు దించి, థర్మోస్టాట్ తీసి ఉన్నప్పుడే ఈ పని చేసేయాలి. థర్మోస్టాట్ రంధ్రంలో పైపు పెట్టి నీళ్లు కిందికి వదలండి. కింద నిలువు గొట్టంలోంచి ఏం వస్తోందో బకెట్‌లో పట్టి చూడండి. ముందు నల్ల పెచ్చులు, తర్వాత ఎర్రమట్టి, చివర్లో ఇసుక రేణువులు దిగుతాయి. తేటగా వచ్చేదాకా వదిలి, తర్వాత దిశ మార్చి కింది నుంచి పైకి వదలండి. థర్మోస్టాట్ రంధ్రంలోంచి ధార నిండుగా లేచిందంటే దారి తెరుచుకున్నట్టే. సన్నగా కారుతుంటే హెడ్డు విప్పక తప్పదు.

హెడ్డు బోల్టులకీ గేర్ కేసు బోల్టుల నియమమే: ఆయిల్, కాస్త వేడి, ఓపిక. విప్పితే కింది సిలిండరు చుట్టూ ఒండ్రూ ఉప్పూ కలిసి సిమెంటులా గట్టిపడి కనిపిస్తుంది. పాత బైకు బ్రేకు కేబుల్ తీగ కొనని విప్పి చీపురులా పరిచి, దాన్ని జాకెట్‌లోకి దూర్చి తిప్పితే మూలల్లోది కూడా రాలుతుంది. ఉక్కు ఉలి వాడొద్దు. మిగిలిన తెల్లటి ఉప్పు పెచ్చుకి లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి పోసి, 20 నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో బాగా కడగండి. బాత్రూమ్ యాసిడ్ మాత్రం దగ్గరికి రానీయొద్దు. ఉప్పు కంటే ముందు అల్యూమినియంని తింటుంది. జాన్సన్, ఎవిన్‌రూడ్‌లలో కొన్నిటికి సిలిండర్ల మధ్య రబ్బరు అడ్డుముక్కలు ఉంటాయి. నీళ్లని అన్ని వైపులా తిప్పేది అవే. శుభ్రం చేసే హడావుడిలో అవి పడిపోతే వేడి మళ్లీ మొదటికొస్తుంది.

హెడ్డు ముఖం మీద ఉక్కు స్కేలు అడ్డంగా నిలబెట్టి సందులో ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. 0.1 మిల్లీమీటరు కంటే ఎక్కువ సందుంటే వంపు వచ్చినట్టు. మందపాటి అద్దం మీద 400 నంబరు ఎమరీ కాగితం పరిచి, హెడ్డుని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ సమం చెయ్యొచ్చు. గాస్కెట్ కొత్తదే వెయ్యాలి. బోల్టులు మధ్య నుంచి చివరలకి, రెండు విడతలుగా, మీ మోడల్ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి బిగించండి.

గాస్కెట్ లీకు గుర్తులు విప్పకముందే తెలుస్తాయి. ఒక ప్లగ్గు మాత్రం కడిగినట్టు తెల్లగా మెరుస్తుంది, సిలిండరు లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ రెండు సిలిండర్ల మధ్య 10 శాతం కంటే ఎక్కువ తేడా చూపిస్తుంది, డ్రమ్ములో నిండా మునిగి ఉన్నా ధారలో బుడగలు వస్తాయి.

నీళ్లు బాగానే ఉన్నా వేడెక్కితే

పెట్రోలు చాలకపోతే, ఆయిల్ చాలకపోతే కూడా వేడి పుడుతుంది. 50కి 1 పాళ్లంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు. 1960ల మధ్యకి ముందటి అమెరికన్ మోటార్లు చాలావరకు 24కి 1 అడుగుతాయి, అంటే లీటరుకి సుమారు 42 మిల్లీలీటర్లు. కిరోసిన్ మోడళ్లకి మోటారు మీద ఏముంటే అదే పాటించండి. ఆయిల్ టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్నదే పొయ్యాలి. బైకు టూటీ ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది. నీళ్లతో చల్లబడే మోటారులో అది రింగుల దగ్గర మసి కడుతుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే, 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు పాత మోటార్లకి కొత్త చిక్కు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉండటంతో కార్బ్యురేటర్లో పెట్రోలు కొలిచి వదిలే పాత జెట్‌తో మిశ్రమం పలచబడి వేడి పెరుగుతుంది. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి ముక్కలు కార్బ్యురేటర్లో చేరతాయి. తేమ గాలికి ట్యాంకులో నీరు చేరితే ఇథనాల్ ఆ నీటితో కలిసి అడుగుకి దిగిపోతుంది, ఆయిల్ పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. ట్యాంకు అడుగు నుంచి పీల్చే మోటారుకి అప్పుడు ఆయిల్ అందదు, కాసేపట్లో పట్టేస్తుంది. ఆ రోజు వాడేంతే కలపండి. ప్లగ్గు కొన లేత గోధుమ రంగులో ఉంటే సరే. సున్నంలా తెల్లగా ఉంటే మెయిన్ జెట్ శుభ్రం చెయ్యండి, అప్పటికీ తెల్లగానే ఉంటే ఒక సైజు పెద్ద జెట్ వెయ్యండి. ప్లగ్గు మీద వెండి చుక్కలు కనిపిస్తే అది కరిగిన పిస్టను. ఇక తిప్పకండి.

నది మధ్యలో వేడెక్కితే

పాటు (నీళ్లు సముద్రంలోకి తీసే వేళ) లాగుతున్నప్పుడు మొగ దగ్గర మోటారు ఆగితే పడవ సముద్రంలోకి పోతుంది. అందుకని ముందు లంగరు చేతికి అందేలా పెట్టుకోండి. ధార వస్తుంటే రేజు తగ్గించి ఐడ్లింగులో రెండు నిమిషాలు తిప్పండి. హఠాత్తుగా ఆపితే లోపలి నీళ్లు కదలక ఆవిరైపోతాయి. ధార అసలే లేకపోతే, ఆవిరి వస్తుంటే వెంటనే ఆపి లంగరు వెయ్యండి. హెడ్డు మీద చల్లని నీళ్లు గుమ్మరించొద్దు, వంపు తిరుగుతుంది. జాలీ శుభ్రం చేసుకుని అరగంట ఆరనివ్వండి. మోటారు పట్టేసి ఉంటే తాడు లాగి తిప్పకండి. చల్లారాక ప్లగ్గు రంధ్రాల్లో రెండేసి చెంచాల టూస్ట్రోక్ ఆయిల్ పోసి, ఫ్లైవీల్‌ని చేత్తో మెల్లగా ఆడించి చూడండి. వదిలితే రేవు దాకా సగం రేజులోపే నడపండి, అక్కడికి చేరగానే కంప్రెషన్ చూడండి.

కడగడం

ఎండాకాలంలో వశిష్ఠ, గౌతమి, వైనతేయ పాయల్లోకి ఉప్పునీరు చాలా లోపలికి ఎగదన్నుతుంది. అప్పుడు ప్రతి రోజూ కడగాలి. 200 లీటర్ల డ్రమ్ములో నీళ్లు అడ్డరేకు మీద జానెడు ఎత్తు ఉండేలా పోసి, ఫ్యాన్ తీసేసి, న్యూట్రల్‌లో 10 నిమిషాలు నడపండి. థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిస్తేనే హెడ్డులోని ఉప్పు కదులుతుంది. రెండు నిమిషాల కడుగుడు కింది సగానికే చాలుతుంది. గట్టు మీద నీళ్లు లేకుండా ‘ఒక్కసారి చూద్దాం’ అని స్టార్ట్ చెయ్యొద్దు. ఎండు కప్పులో రబ్బరు కాలిపోవడానికి నిమిషం కూడా పట్టదు.

కాలవ నీళ్లు దొరికినన్నాళ్లూ ఇబ్బంది లేదు. కాలవలు కట్టేశాక చాలామంది బోరు నీళ్లు పోస్తారు. తీర గ్రామాల్లో ఆ బోరే ఉప్పన, దానితో కడిగితే ఉప్పు మీద ఉప్పు వేసినట్టే. నాలుక మీద వేసి చూసి, చప్పగా ఉన్న చెరువు నీళ్లు తెచ్చుకోండి, గుడ్డతో వడకట్టి పొయ్యండి. కడిగాక మోటారుని నిటారుగానే ఉంచండి. అడ్డంగా పడుకోబెడితే మిగిలిన నీళ్లు దిగక, వాటిలోని ఒండ్రు జాకెట్‌లోనే ఎండిపోతుంది.